1912 కార్లైల్ సీజన్: ఒక బడి జట్టు పెద్ద కాలేజీలను ఎలా ఓడించింది?

అమెరికాలో ఈ మధ్య వచ్చిన రెండు వార్తలు పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనివే. 2024 డిసెంబర్ 9న అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అంతకు ఆరు వారాల ముందే, అమెరికా మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకొచ్చి పెట్టిన ఇలాంటి బడుల పేరుతో జరిగిన అన్యాయానికి ఆయన దేశం తరఫున క్షమాపణ చెప్పారు. రెండో వార్త 2025 జూన్‌లో వచ్చింది. కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించేందుకు అక్కడి కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. ఈ రెండు కథలూ కలిసే చోటు ఒకటుంది. అదే 1912లో కార్లైల్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట) ఆడిన సీజన్.

అమెరికా యూనివర్సిటీలకు చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు అక్కడ మొదట అర్థం కాని విషయాల్లో ఈ ఫుట్‌బాల్ ఒకటి. శనివారం వస్తే ఊరంతా స్టేడియం వైపే పోతుంది. చదువు చెప్పే సంస్థకు ఆట ఇంత పెద్ద వ్యాపారం ఎలా అయింది, అందులో ఆడేవాడికి చాలాకాలం ఒక్క డాలర్ కూడా ఎందుకు ముట్టలేదు అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

క్లుప్తంగా: 1912లో కార్లైల్ 14 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది, ఒకటి ఓడింది, ఒకటి డ్రా చేసుకుంది. 504 పాయింట్లు సాధించింది. ఈ ఘనతను జిమ్ థార్ప్ అనే ఒక్క ఆటగాడి సహజ ప్రతిభకు కట్టబెట్టడం అలవాటైపోయింది. నిజానికి దాని వెనుక మూడు కారణాలున్నాయి. మైదానంలో చావుల వల్ల మారిన రూల్స్ ఒకటి, ఆ రూల్స్‌ను అందరికంటే ముందు వాడుకోవాల్సిన అవసరం ఉన్న కోచ్ రెండోది, ఆట మీద వచ్చే డబ్బుకు అలవాటుపడిన బడి మూడోది. జట్టును పైకి లేపిన ఆ డబ్బే రెండేళ్లలో దాన్ని కూల్చింది.

అది ఎలాంటి బడి

ఇక్కడ ఇండియన్లంటే అమెరికా మూలవాసులు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక పాత సైనిక శిబిరంలో ఈ బడి పెట్టాడు. మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి, తెగల నుంచి వందల మైళ్ల దూరం తీసుకొచ్చి తెల్లవాళ్లలా మార్చడం దాని ఉద్దేశం. వచ్చిన రోజే జుట్టు కత్తిరించేవారు. పేరు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష పడేది. సగం రోజు చదువు, సగం రోజు వడ్రంగం, కమ్మరం, కుట్టుపని లాంటి పనులు ఉండేవి. వేసవి వస్తే చుట్టుపక్కల పొలాలకు, ఇళ్లకు పనికి పంపేవారు. దాదాపు నలభై ఏళ్లలో 140కి పైగా తెగల నుంచి వేల మంది పిల్లలు అక్కడికి వచ్చారు. వారిలో 180 మందికి పైగా అక్కడే సమాధి అయ్యారు.

చదువు స్థాయి చూస్తే అది కాలేజీయే కాదు. మన లెక్కలో హైస్కూల్ దాకా కూడా పూర్తిగా రాదు. అయితే విద్యార్థుల్లో ఇరవై దాటినవాళ్లు చాలామందే ఉండేవారు. దీన్ని ప్రత్యర్థులు అప్పట్లోనే ఎత్తిచూపేవారు. ఫిర్యాదులో కొంత నిజం ఉంది. అయితే ఆ రోజుల్లో పెద్ద కాలేజీలు కూడా ఎవరు విద్యార్థి, ఎవరు కిరాయి ఆటగాడు అన్న విషయంలో అంత పట్టింపుగా లేవు.

ప్రాట్ మొదట్లో ఫుట్‌బాల్‌ను ఇష్టపడలేదు. ఒక కుర్రాడి కాలు విరగడంతో బయటి జట్లతో ఆడటం నిషేధించాడు. విద్యార్థులే వచ్చి బతిమాలితే రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. అవతలివాడు కొట్టినా తిరిగి చెయ్యెత్తకూడదు. కొన్నేళ్లలో దేశంలోకెల్లా పెద్ద జట్టును ఓడించాలి. తన బడి పిల్లల్ని 'నాగరికులు'గా మారుస్తోందని తెల్లవాళ్లకు చూపించడానికి మైదానాన్ని మించిన వేదిక లేదని ఆయన లెక్క వేశాడు. అంటే ఆట మొదటి నుంచీ ప్రచార సాధనమే. డబ్బు తర్వాత వచ్చింది.

చావుల నుంచి వచ్చిన రూల్స్

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఆట ఇప్పటిలా ఉండేది కాదు. బంతిని ముందుకు విసరడం నిషిద్ధం. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకు పోతే చాలు, బంతి మళ్లీ ఆ జట్టుదే. ఐదు గజాల కోసం తెలివి అక్కర్లేదు, బరువు చాలు. అందుకే అందరూ కలిసి గుంపుగా మధ్యలోకి తోసుకుపోయేవారు. బంతి పట్టుకున్నవాణ్ని సొంత జట్టువాళ్లే వెనక నుంచి నెట్టేవారు, ముందు నుంచి లాగేవారు. లాగడానికి వీలుగా ప్యాంటుకు తోలు పిడులు కుట్టించుకున్న జట్లు కూడా ఉన్నాయి. చాలామంది తలకు రక్షణ లేకుండానే ఆడేవారు.

1905 సీజన్‌లో పత్రికల లెక్క ప్రకారం 18 మంది దాకా చనిపోయారు. వీళ్లలో ఎక్కువమంది హైస్కూల్ పిల్లలు, ఊళ్లలో సరదాగా ఆడుకునే కుర్రాళ్లు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అక్టోబర్ 9న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడారు. అది పెద్దగా పనిచేయలేదు. నవంబర్ 25న న్యూయార్క్ యూనివర్సిటీతో ఆడుతూ యూనియన్ కాలేజీ ఆటగాడు హెరాల్డ్ మూర్ చనిపోయాక, న్యూయార్క్ యూనివర్సిటీ చాన్సలర్ హెన్రీ మెక్‌క్రాకెన్ కాలేజీల సమావేశం పెట్టించారు. డిసెంబర్ చివర్లో 62 సంస్థలు కలిశాయి. 1906లో ఏర్పడిన ఆ సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా పేరు మార్చుకుంది. కాలేజీ క్రీడలను ఇవాళ్టికీ నడిపిస్తున్నది ఆ సంస్థే. కొలంబియా ఆటను పూర్తిగా మానేసింది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా రగ్బీకి మారాయి.

1906లో కొత్త రూల్స్ వచ్చాయి. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు కాదు, పది గజాలు పోవాలి. బంతిని ముందుకు విసరవచ్చు. ఆటగాళ్లు మైదానంలో విస్తరించి ఆడితే గుంపు తొక్కిసలాట తగ్గుతుందన్నది ఆలోచన. కానీ పాస్ మీద ఎన్ని ఆంక్షలు పెట్టారంటే చాలా జట్లు దాని జోలికే పోలేదు. అందుకే చావులు ఆగలేదు. 1909లో హార్వర్డ్‌తో ఆడుతూ సైనిక అకాడమీ ఆటగాడు యూజీన్ బర్న్ గాయపడి మరణించాడు. ఆ జట్టు మిగతా సీజన్ రద్దు చేసుకుంది. 1910లో మళ్లీ మార్పులు వచ్చాయి. బంతి ఉన్నవాణ్ని నెట్టడం, లాగడం నిషేధించారు. ముందు వరుసలో ఏడుగురు తప్పనిసరి అన్నారు. ఆటను నాలుగు భాగాలు చేశారు.

ఆఖరి దఫా 1912లో. పది గజాలకు మూడు బదులు నాలుగు ప్రయత్నాలు ఇచ్చారు. క్రికెట్ ఓవర్‌లో బంతులు పెంచితే బ్యాట్స్‌మన్‌కు ఎంత ధైర్యం వస్తుందో, ఆ ఒక్క అదనపు ప్రయత్నం దాడి చేసే జట్టుకు అంత వెసులుబాటు ఇచ్చింది. టచ్‌డౌన్, అంటే బంతితో అవతలి జట్టు చివరి గీత దాటడం, విలువ 5 నుంచి 6 పాయింట్లకు పెరిగింది. పాస్ 20 గజాలు దాటకూడదన్న నిబంధన పోయింది. మైదానం 110 గజాల నుంచి 100కు తగ్గింది. గీత అవతల పది గజాల ఎండ్ జోన్ వచ్చి, అక్కడ కూడా పాస్ అందుకోవచ్చన్నారు. ఇవాళ టీవీలో కనిపించే ఆటకు ఎముకల గూడు ఆ ఏడాదే తయారైంది.

కొత్త రూల్స్ కార్లైల్‌కే ఎందుకు కలిసొచ్చాయి

పాత ఆటలో కార్లైల్ కుర్రాళ్లకు బరువే సమస్య. యేల్, హార్వర్డ్ లాంటి జట్ల ముందు వరుసతో పోలిస్తే వీళ్లు తేలిక. పైగా మార్చడానికి ఆటగాళ్లు కూడా తక్కువ. బరువైన జట్టుకు కొత్త పద్ధతి నేర్చుకోవాల్సిన తొందరేమీ లేదు. పాతదానితోనే గెలుస్తున్నప్పుడు రిస్క్ ఎందుకు? కార్లైల్‌కు ఆ సుఖం లేదు. మధ్యలోంచి దారి లేకపోతే చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా మీదుగా విసరాలి, కుదరకపోతే మాయ చేయాలి.

కోచ్ గ్లెన్ 'పాప్' వార్నర్ స్వభావం కూడా దానికి సరిపోయింది. 1903లో హార్వర్డ్ మీద బంతిని చార్లెస్ డిల్లన్ అనే ఆటగాడి బనియన్ వెనకాల దాచి, ఎవరికీ తెలియకుండా మైదానం చివరిదాకా పరుగెత్తించాడు. ఆ మ్యాచ్ 12-11తో ఓడిపోయారు కానీ దేశమంతా దాని గురించే చెప్పుకుంది. కొన్నేళ్లు వేరే చోట పనిచేసి 1907లో తిరిగొచ్చేసరికి ఫార్వర్డ్ పాస్ చట్టబద్ధమై ఉంది. ఆ ఏడాది కార్లైల్ 11 మ్యాచ్‌ల్లో 10 గెలిచింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీని 26-6తో, హార్వర్డ్‌ను 23-15తో ఓడించింది. షికాగో మ్యాచ్‌లో అల్బర్ట్ ఎక్సెన్‌డైన్ అనే ఆటగాడు గీత దాటి బయటికి వెళ్లిపోయి, షికాగో బెంచీ వెనక నుంచి పరుగెత్తి మళ్లీ లోపలికి వచ్చి పాస్ అందుకున్నాడు. అప్పటి రూల్స్‌లో అది తప్పు కాదు. ఎవరూ అలా ఆలోచించలేదు, అంతే. ఓడిన ఒక్క మ్యాచ్ ప్రిన్స్‌టన్‌తో, అదీ వానలో. ఆనాటి బంతి ఇప్పటిదానికంటే లావు. తడిస్తే చేతిలో నిలవదు. పాస్ లేని కార్లైల్ మళ్లీ తేలికపాటి జట్టుగానే మిగిలింది. కార్లైల్ బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో ఈ ఓటమి ఒక్కటే చెబుతుంది.

1912 నాటికి వార్నర్ మరో అడుగు వేశాడు. అంతవరకూ ముగ్గురు నలుగురు వరుసకు వెనకాల దగ్గరగా నిలబడి మధ్యలోకి దూసుకెళ్లేవారు. ఆయన అలా వెనక ఆడే ఇద్దరిని (హాఫ్‌బ్యాక్‌లను) ముందు వరుస రెండు చివరలకు, కాస్త బయటికి జరిపాడు. దీనికే డబుల్ వింగ్ అని పేరు. వెనక నిలబడ్డ థార్ప్‌కు బంతి నేరుగా అందుతుంది. అతను పరుగెత్తవచ్చు, విసరవచ్చు, తన్నవచ్చు, పక్క నుంచి దూసుకొచ్చే వింగ్ ఆటగాడి చేతిలో పెట్టవచ్చు, పెట్టినట్టు నటించవచ్చు. ఎదురుగా ఉన్న జట్టుకు ఈ దారుల్లో దేన్ని మూయాలో తెలియదు. చివరలకు జరిగితే మధ్యలో సందు, మధ్యలోకి గుమిగూడితే చివర ఖాళీ. ఇక్కడ థార్ప్ గొప్పతనం నిజమే. నాలుగు పనులూ ఒకేలా చేయగల ఆటగాడు లేకపోతే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఈ పద్ధతి లేకపోతే థార్ప్ కూడా సగమే పనికొచ్చేవాడని చెప్పడం మాత్రం ఎందుకో అరుదు.

సీజన్ నడిచిన తీరు

థార్ప్ ఆ జూలైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచి వచ్చాడు. అదే బడికి చెందిన హోపీ తెగ పరుగువీరుడు లూయిస్ తెవానిమా 10,000 మీటర్లలో వెండి పతకం తెచ్చాడు. సెప్టెంబర్ 21న మొదలైన సీజన్ నవంబర్ 28న ముగిసింది.

మొదటి రెండు వారాల్లోనే ఐదు మ్యాచ్‌లు. చిన్న కాలేజీలను 50-7, 45-0, 34-0, 65-0తో చితక్కొట్టి, ఐదో మ్యాచ్‌లో వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ దగ్గర 0-0తో ఆగిపోయింది. తర్వాత సిరక్యూస్‌ను 33-0, పిట్స్‌బర్గ్‌ను 45-8, జార్జ్‌టౌన్‌ను 34-20తో ఓడించింది. జార్జ్‌టౌన్ మ్యాచ్ అక్టోబర్ 26న, ఆ తర్వాతి మ్యాచ్ 28న కెనడాలోని టొరంటోలో! ముఖ్యమైన మ్యాచ్‌లన్నీ దాదాపు బయటి ఊళ్లలోనే. చిన్న ఊళ్లో సొంత మైదానంలో ఆడితే టికెట్లు ఎన్ని తెగుతాయి? ఫిలడెల్ఫియా, బోస్టన్ లాంటి నగరాల్లో ఆడితే గేటు వసూళ్లలో పెద్ద వాటా వస్తుంది. షెడ్యూల్ చూస్తే వేసింది కోచా, ఖజానాదారా అన్న అనుమానం రాకమానదు.

అదే ఏడాది హార్వర్డ్ తొమ్మిదికి తొమ్మిది గెలిచి, మొత్తం సీజన్‌లో ప్రత్యర్థులకు ఇచ్చినవి 22 పాయింట్లే. కార్లైల్ మ్యాచ్‌కు సగటున 36 పాయింట్లు కొట్టింది, వంద దాటి ఇచ్చింది కూడా. హార్వర్డ్‌ది తప్పులు చేయకుండా కాపాడుకునే ఆట. కార్లైల్‌ది కొత్త రూల్స్ ఇచ్చిన స్వేచ్ఛనంతా ఖర్చుపెట్టే ఆట.

వెస్ట్ పాయింట్, నవంబర్ 9

వెస్ట్ పాయింట్‌లోని సైనిక అకాడమీ జట్టుతో (దాన్నే ఆర్మీ అంటారు) జరిగిన మ్యాచ్‌కు క్రీడలకు మించిన అర్థం ఉంది. వూండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం లకోటా తెగవాళ్లను ఊచకోత కోసింది 1890 డిసెంబర్‌లో. అప్పటికి 22 ఏళ్లు కూడా నిండలేదు. మూలవాసులందరికీ అమెరికా పౌరసత్వం వచ్చింది 1924లో. అంటే ఆనాటి ఆటగాళ్లలో కొందరు తాము ఆడుతున్న దేశానికి పౌరులే కాకపోవచ్చు. మ్యాచ్‌కు ముందు ఆ యుద్ధాలను వార్నర్ గుర్తుచేశాడని చెబుతారు. గుర్తుచేయాల్సిన అవసరం ఉండి ఉంటుందా అన్నది సందేహమే.

మొదట టచ్‌డౌన్ చేసింది ఆర్మీయే. కానీ టచ్‌డౌన్ తర్వాత బంతిని తన్ని తెచ్చుకునే అదనపు పాయింట్ తప్పింది. సగం ఆట ముగిసేసరికి కార్లైల్ 7-6తో ముందుంది. రెండో సగంలో ఆర్మీ మళ్లీ ఒక్క పాయింట్ కూడా చేయలేదు. ఆర్మీ కెప్టెన్ లేలాండ్ డెవోర్ కోపంతో కార్లైల్ ఆటగాడు జో గయాన్ మీద పడి కుమ్మి మైదానం నుంచి వెళ్లగొట్టించుకున్నాడు. అంతకుముందు గుద్దినందుకు కార్లైల్ ఆటగాడు పావెల్ కూడా బయటికి వెళ్లాడు. చేయెత్తకూడదన్న ప్రాట్ షరతుకు కాలం చెల్లిందన్నమాట. చివరి స్కోరు 27-6.

ఆ మ్యాచ్‌లో టచ్‌డౌన్లు ఎక్కువ చేసింది థార్ప్ కాదు. వింగ్ నుంచి వచ్చిన అలెక్స్ అర్కాసా మూడు చేశాడు. అందరూ థార్ప్ మీద కళ్లు పెట్టుకుని ఉంటే పక్క నుంచి అర్కాసా దాటిపోయాడు. బంతి ఎటు వెళ్లాలో మైదానంలో నిర్ణయించింది క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్. డబుల్ వింగ్ ఎలా పనిచేస్తుందో ఇంతకంటే బాగా చూపే మ్యాచ్ లేదు.

ఆర్మీ తరఫున ఆడినవారిలో డ్వైట్ ఐసెన్‌హోవర్ ఒకడు. ఆయనే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. దశాబ్దాల తర్వాత ఒక ప్రసంగంలో ఆయన థార్ప్‌ను తలుచుకుంటూ, ప్రాక్టీసే చేయని ఆ మనిషి తాను చూసిన ఏ ఆటగాడికన్నా అన్నీ బాగా చేయగలిగేవాడన్న అర్థంలో మాట్లాడారు. పొగడ్తే, కానీ పొరపాటు పొగడ్త. థార్ప్ ఆ బడికి 1904లో వచ్చాడు. 1907 నుంచి వార్నర్ చేతి కింద ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ రెండూ సాధన చేశాడు. మధ్యలో రెండేళ్లు వెళ్లిపోయి 1911లో తిరిగొచ్చాడు. తెల్లవాళ్లు గెలిస్తే తెలివి, క్రమశిక్షణ అనీ, మూలవాసులు గెలిస్తే పుట్టుకతో వచ్చిన శక్తి అనీ రాయడం ఆనాటి పత్రికలకు అలవాటు. గెలుపు వెనుక ఉన్న సాధననూ వ్యూహాన్నీ ఆ రాతలు మరుగున పడేశాయి.

వారం తిరిగేసరికి ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా చేతిలో 34-26తో కార్లైల్ ఓడింది. నవంబర్ 23న స్ప్రింగ్‌ఫీల్డ్‌ను 30-24తో అతి కష్టం మీద గెలిచింది. పాయింట్లు కొట్టడం ఆగలేదు, ఇవ్వడం పెరిగింది. తక్కువమంది ఆటగాళ్లతో, రైలు ప్రయాణాలతో సాగిన రెండు నెలల తర్వాత కాళ్లు మొదట మొండికేసేది డిఫెన్స్‌లోనే. చివరి రోజు బ్రౌన్ మీద 32-0తో సీజన్ ముగించింది.

డబ్బు ఎటు పోయింది

గేటు వసూళ్లు ప్రభుత్వ ఖాతాలోకి వెళ్లేవి కావు. విడిగా ఒక అథ్లెటిక్ నిధి ఉండేది, దాని మీద పెత్తనం వార్నర్‌ది. ప్రభుత్వం విద్యార్థుల సంఖ్యను బట్టి ఇచ్చే సొమ్ము లెక్కాపత్రంతో ముడిపడి ఉంటే, ఈ నిధికి అడిగేవాడు లేడు. బడిలో భవనాలు కట్టడానికి, ఆటగాళ్లకు చేతి ఖర్చులకు, కానుకలకు అందులోంచే తీసేవారు. గెలిచినన్నాళ్లూ ఎవరూ ప్రశ్నించలేదు.

మొదటి దెబ్బ 1913 జనవరిలో తగిలింది. 1909, 1910 వేసవుల్లో థార్ప్ ఉత్తర కరోలినాలో చిన్న బేస్‌బాల్ జట్లకు కొద్దిపాటి డబ్బుకు ఆడిన సంగతి పత్రికకెక్కింది. డబ్బు తీసుకున్నవాడు అమెచ్యూర్ కాదు కాబట్టి ఒలింపిక్ పతకాలు లాగేసుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఇదే పని మారుపేర్లతో చేసేవారు. థార్ప్ సొంత పేరుతో ఆడాడు. పైగా పోటీలు ముగిసిన 30 రోజుల్లోపే అభ్యంతరం చెప్పాలన్న రూల్ ఉంది, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా బడి గానీ కోచ్ గానీ దాన్ని ఎత్తలేదు. ఎత్తితే కార్లైల్‌లో డబ్బు ఎలా తిరుగుతుందన్న ప్రశ్న కూడా వచ్చేది కదా.

అది ఎలాగూ వచ్చింది. గస్ వెల్ష్ తోటి విద్యార్థులతో సంతకాలు పెట్టించి విచారణ కోరాడు. 1914లో అమెరికా కాంగ్రెస్ కమిటీ బడికి వచ్చి వాంగ్మూలాలు తీసుకుంది. వార్నర్ తిట్లు, దురుసు ప్రవర్తన, ఆటగాళ్లకు చెల్లింపులు, నిధి వాడకం అన్నీ బయటపడ్డాయి. సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ మాత్రం 1915లో పిట్స్‌బర్గ్ చేరి, వరుసగా మూడు సీజన్లు ఓటమి లేకుండా నడిపాడు. మూడేళ్ల కిందట తాను 45-8తో చిత్తు చేసిన జట్టు అదే. మూల్యం ఎవరు చెల్లించారో ఈ తేడాలోనే కనిపిస్తుంది. కార్లైల్ జట్టు మళ్లీ కోలుకోలేదు. 1918లో బడినే మూసేసి, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి చేశారు. ఇప్పుడు అక్కడ అమెరికా సైన్యపు వార్ కాలేజ్ ఉంది.

ఇప్పుడు దీని ప్రభావం ఏమిటి

థార్ప్ 1953లో చనిపోయాడు. 1982లో ఒలింపిక్ కమిటీ అతని విజయాలను పునరుద్ధరించింది, అదీ రెండో స్థానంలో వచ్చినవాళ్లతో కలిపి. అతన్ని ఏకైక విజేతగా ఒప్పుకోవడానికి 2022 జూలై దాకా పట్టింది. 2025 ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది (2025-26) సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచే వీలు వచ్చింది. 1914లో విచారణకు దారితీసిన చెల్లింపులు ఇప్పుడు చట్టబద్ధం. అయితే కార్లైల్ ఇబ్బంది చెల్లింపుల్లో లేదు, లెక్క చూసే నాథుడు లేకపోవడంలో ఉంది. కొత్త పద్ధతిలో కూడా అసలు పరీక్ష అక్కడే. ఆ సొమ్ములో అధిక భాగం ఫుట్‌బాల్ ఆటగాళ్లకే వెళ్తుందని, మిగతా క్రీడలు, ముఖ్యంగా అమ్మాయిల జట్లు నష్టపోతాయని అభ్యంతరాలు మొదలయ్యాయి.

రికార్డుల విషయంలో కార్లైల్‌కు మరో చిక్కు ఉంది. అప్పట్లో జాతీయ చాంపియన్‌ను తేల్చే పోటీ లేదు. ఎవరు చాంపియన్ అన్నది తర్వాతి కాలంలో నిపుణులు వెనక్కి చూసి నిర్ణయించారు. 1912కు హార్వర్డ్, పెన్ స్టేట్ పేర్లు అలా వచ్చాయి. ఆ యూనివర్సిటీలు ఇప్పటికీ ఉన్నాయి, పాత విద్యార్థులున్నారు, స్టేడియం గోడల మీద ఆ ఏడాది అంకె చెక్కించుకునే స్తోమత ఉంది. కార్లైల్ విజయాలకు వారసత్వం చెప్పుకునే సంస్థ ఏదీ మిగల్లేదు. సైన్యం అధీనంలో ఉన్న ఆ స్థలంలో 2017 నుంచి పిల్లల సమాధులు తవ్వి, అవశేషాలను వాళ్ల తెగలకు అప్పగిస్తున్నారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు.